పళ్ళు లేని బకెట్టు

మా మేనత్త కొడితే పడ్డవాడు మూడు రోజుల దాకా లేవడని నేను చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నేను చెప్పేవాటిలో సగం కోతలని వాళ్ళకు తెలుసు. ఏ సగమో తెలియదు, అదే నా బలం. తొమ్మిదో తరగతిలో మూడేళ్ళు కూర్చున్నవాణ్ణి నేను. బెంచీ అరిగింది గానీ నేను అరగలేదు. అత్త నన్ను 'తొమ్మిది' అని పిలిచేది అందుకే. ఈ ఒక్క సంగతిలో మాత్రం కోత ఎక్కడ కోశానో అక్కడే ఒప్పేసుకుంటాను. ఇందులో విరిగిన ఎముకలు నిజమైనవి.

సైట్లలో అత్తను గునపం అంటారు. మనిషి అలాగే ఉంటుంది. నిలువుగా, సన్నగా, వంగేది లేనట్టు. ఇరవై రెండేళ్ళుగా పొక్లెయిన్ నడుపుతోంది. గొలుసు చక్రాల మీద పాకుతూ మట్టి తవ్వే పసుపుపచ్చ యంత్రం. ఆ పని నేర్పింది ఒక ముసలి ఆపరేటరు. ఆయన దగ్గరున్న పాత యంత్రంలో లీవర్లు తిరకాసుగా ఉండేవి. లోకంలో ఎక్కడైనా కుడి లీవరు ముందుకు తోస్తే యంత్రం భుజం కిందికి దిగుతుంది. ఆయనదాంట్లో అలా తోస్తే మోచెయ్యి ముందుకు చాచుకుంటుంది. భుజం దించాలంటే ఎడమ లీవరు తొయ్యాలి. అత్త దాని మీదే నేర్చుకుంది. తరవాత కొత్త యంత్రం ఎక్కినప్పుడు మెకానిక్కును మెడపట్టి కూర్చోబెట్టి, ఆయిలు గొట్టాలు మార్పించి, దాన్నీ అలాగే చేయించుకుంది.

"చెయ్యి నేర్చిన పని చెయ్యి మరిచిపోదురా. యంత్రానికే బుద్ధి చెప్పాలి" అంటుంది.

బుద్ధి చెప్పడంలో అత్త దిట్ట. మొదటి సైటులో ఒక ఆపరేటరు ఆమె సీటు నిండా గ్రీజు పూశాడు. అత్త దాని మీదే కూర్చుని సాయంత్రం దాకా పని చేసింది. అప్పుడు దిగి, యంత్రం చివర మట్టి తోడే బకెట్టును తగిలించే ఇనుప పిన్ను చేతికి తీసుకుని, వాడి మోకాలి చిప్ప మీద ఒక్కటి వేసింది. ఒక్కటే. ఆ మోకాలు ఇప్పటికీ రెండు రోజుల ముందే వాన చెబుతుందనీ, రేడియోవాళ్ళు ఫోను చేసి కనుక్కుంటారనీ నేను చెబుతూ ఉంటాను. రేడియో మాట కోత.

మా మావయ్య పెళ్ళయిన మూడో నెలలో చెయ్యి చేసుకున్నాడు. అత్త పెదవి చిట్లింది. తుడుచుకుంది, వడ్డించింది, తినేదాకా ఆగింది. చెయ్యి కడుక్కుని గడప దాటబోతూ ఆయన తలుపు పట్టుకుంటే, అత్త ఆ తలుపు వేసేసింది. మూడు వేళ్ళు. ఆయన ఎక్కడో వేరే ఊళ్ళో ఉన్నాడనీ, సంతకాలు ఎడమచేత్తో పెడుతున్నాడనీ వింటాం.

అలాంటి చేతికి పళ్ళు లేని బకెట్టు తగిలిస్తే ఏం చేస్తుందో చూసినవాళ్ళకే తెలుసు. కొత్తగా ఇళ్ళ స్థలాలు వేసేచోట, రోడ్లు గీయకముందే, నేలలో పాతకాలపుదేమైనా ఉందా అని చూడాలి. అది రూలు. పొడుగ్గా కాలువల్లాంటివి తీసి చూస్తారు. మామూలు బకెట్టుకు ముందువైపు ఇనుప పళ్ళుంటాయి, అవి తగిలితే ఏదైనా తునకలే. అందుకని నున్నటి అంచున్న బకెట్టు పెట్టి వేలిమందం చొప్పున మట్టి గీకాలి. నున్నగా గీకడం చాలామందికి చేతకాదు. అత్త గీకిన నేల మీద నీళ్ళు పోస్తే ఏ పక్కకు పోవాలో తెలియక నిలబడేవి.

ఆ సైటులోనే నేను టిప్పరు తోలేవాణ్ణి. పాతవస్తువుల ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చేది. పొట్టి మనిషి, పెద్ద టోపీ, చొక్కా జేబులో రెండు బ్రష్షులు. కాలువ ముందు నిలబడి చెయ్యెత్తి పిడికిలి బిగిస్తే యంత్రం ఆగాలి. నాలుగో కాలువలో ఆమె పిడికిలి ఎత్తకముందే అత్త ఆపేసింది.

"ఏమైందమ్మా?" అంది మేడమ్.

"మట్టి మారింది మేడమ్."

"నాకేం కనబడలేదే."

"నాకూ కనబడలేదు. లీవరులో తెలిసింది. ఇక్కడెవరో ఇంతకుముందే తవ్వి పూడ్చారు."

తవ్వి పూడ్చినవాళ్ళు పద్ధతిగా పూడ్చలేదు. బ్రష్షులతో నాలుగు రోజులు దులిపితే పదకొండు మంది బయటపడ్డారు. ఒకరి మీద ఒకరు, విసిరేసినట్టు, కొందరు బోర్లా, ఒకరి కాలు ఇంకొకరి తల కింద. ఇద్దరు చిన్నపిల్లలు. పుర్రెలు పక్కకు పగిలి ఉన్నాయి. ఒకదాని వెనక గొడ్డలి దిగిన గాటు అలాగే ఉంది, మొన్న దిగినట్టు. నాలుగో మనిషి ముంజేతి ఎముక మధ్యకు విరిగింది. ఆరోదానికీ, తొమ్మిదోదానికీ సరిగ్గా అక్కడే.

"ఎవరైనా మన మీదికి కర్రెత్తితే మనం ఏం చేస్తాం?" అని అడిగింది మేడమ్.

"పరిగెత్తుతాం" అన్నాను వెంటనే.

"పరిగెత్తే దారి లేకపోతే?"

నేను ఆలోచిస్తున్నాను. అత్త ఎడమచెయ్యి ఎత్తి తలకు అడ్డం పెట్టుకుంది.

"అదే. ఆ దెబ్బ ఇక్కడ పడుతుంది" అని మేడమ్ ఎముక మీద విరుపు చూపించింది.

"ఎన్నాళ్ళయి ఉంటుంది?" అంది అత్త.

"వెయ్యేళ్ళ పైమాటే."

"కొట్టినవాళ్ళు దొరికారా?"

మేడమ్ నవ్వింది. అత్త నవ్వలేదు. అడిగింది అడిగినట్టే చూస్తూ నిలబడింది.

ఆ గుంత ఉన్నది లేఅవుటులో రెండు పెద్ద రోడ్లు కలిసే మూలలో. కాంట్రాక్టరు అక్కడ దుకాణాలు గీయించుకున్నాడు. మేడమ్ ఒక దారి చెప్పింది. ఎలాగూ రూలు ప్రకారం కొంత స్థలం పార్కుకు వదలాలి. దాన్ని వాళ్ళు వెనకాల మురుగుకాలువ పక్కన గీశారు. ఆ పార్కును తెచ్చి ఈ మూల మీద పెడితే చాలు, ఎముకలను కదిలించే పని లేదు, పైన గడ్డి వేసి వదిలేయవచ్చు. కాంట్రాక్టరు గొణిగినా సగం ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది అతని బావమరిది. మూల దుకాణాలు రాసిస్తానని కాంట్రాక్టరు అతనికి మాటిచ్చాడు.

సోమవారం పదింటికి పై ఆఫీసరు వచ్చి గుంతను కళ్ళారా చూసి, కొలిచి, మ్యాపు మీద ముద్ర వెయ్యాలి. చూసినదానికే ముద్ర. అప్పటికి అక్కడ ఏమీ లేకపోతే కాగితం మీదా ఏమీ ఉండదు, దుకాణాలు లేస్తాయి. శనివారం పొద్దున మేడమ్ మనుషులు ఎముకల మీద గుడ్డ పరిచి, పైన బెత్తెడు మందాన ఇసుక చల్లి వెళ్ళారు. నా టిప్పరు నిండా మెత్తటి ఇసుక ఉంది.

"వాన పడితే గుంత నింపెయ్యి. ఇసుక దుప్పటి లాంటిది, మళ్ళీ తియ్యొచ్చు. కానీ గంపలతో నెమ్మదిగా పొయ్యాలి. టిప్పరు ఎత్తి పొయ్యకు" అని మేడమ్ నాకు రెండుసార్లు చెప్పింది. నా మొహం చూసి మూడోసారి కూడా చెప్పింది.

వాన పడలేదు. పన్నెండు దాటాక ఒక తెల్ల కారు వచ్చి గుంతకు ఆవలి గట్టున ఆగింది. బావమరిది, ముగ్గురు మనుషులు. కొత్త కారు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. అత్త యంత్రం నీడలో కూర్చుని డబ్బా విప్పి తింటోంది.

"ఏమ్మా, నీ బకెట్టుకు పళ్ళు ఊడిపోయాయా?" అన్నాడు బావమరిది.

"దాచిపెట్టానయ్యా. నీవి కూడా వచ్చాక కలిపి పెడదామని."

అతని మనుషుల్లో ఒకడు నవ్వి, నవ్వకూడదని గుర్తొచ్చి దగ్గాడు.

"సాయంత్రానికి ఆ గుంత ఉండకూడదు. నువ్వు తవ్వుతావా, మావాడు తవ్వాలా?"

"పదకొండుమంది ఉన్నారు అందులో."

"ఉన్నారా? ఓటుహక్కు ఉందా వాళ్ళకి?"

"సోమవారం పది దాటనివ్వు. ఆ తరవాత ఎక్కడ కావాలంటే అక్కడ తవ్వుతాను. నీ గొయ్యి కావాలన్నా నేనే తీస్తాను, ఊరికే."

అతను చెంప మీద కొట్టాడు. అత్త నోట్లో ఉన్న ముద్ద మట్టిలో పడింది. ఆమె దాని వంక చూసింది, డబ్బా మూత పెట్టింది, లేచింది. లేస్తూనే పక్కనున్న హెల్మెట్ అందుకుని దాని అంచుతో అతని ముక్కు మీద కొట్టింది. పచ్చి కర్ర విరిచినట్టు చప్పుడైంది. తెల్లచొక్కా బొత్తాల దాకా ఎర్రబడింది. ఇద్దరు మనుషులు ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఒకడి బొటనవేలు ఆమె నోటి దగ్గరకు వచ్చింది, అది వాడి పొరపాటు. వాడు అరిచిన అరుపుకు గట్టు మీద కాకులు లేచాయి. కంకర మీద పడేసి పక్కటెముకల్లో తన్నారు. నేను లెక్కపెట్టాను, ఏడు తన్నులు.

అప్పుడు నేను ముగ్గురి మీదికీ విరుచుకుపడ్డాను.

ఇది కోత. నేను టిప్పరు కింద ఉన్నాను. రెండు చక్రాల మధ్య, చెంప నేలకు ఆనించి. అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది.

మూడోవాడు ఆపరేటరు. యంత్రం ఎక్కాడు, తాళం దాంట్లోనే ఉంది. "పళ్ళు పెట్టాలా సార్?" అని అరిచాడు. "ఎముకలేగా, అఖ్ఖర్లేదు. దించు" అన్నాడు బావమరిది ముక్కు పట్టుకుని. నేల మీద పడి ఉన్న అత్త ఒకే మాట అంది.

"ఒరేయ్ నాయనా, దిగు. అది నీ మాట వినదు."

వాడు వినలేదు. భుజం గుంతలోకి దించుదామని కుడి లీవరు బలంగా ముందుకు తోశాడు. మోచెయ్యి చాచుకుంది. బకెట్టు గుంత మీదుగా గాల్లో దూసుకుపోయి ఆవలి గట్టున ఉన్న తెల్ల కారు అద్దంలోంచి లోపలికి దిగింది. వాడు కంగారుపడి ఎడమ లీవరు వెనక్కి లాగాడు. భుజం పైకి లేచింది. దానితో పాటు కారు మూతి లేచింది, బానెట్టు చీరుకుని వచ్చింది. బావమరిది గట్టు చుట్టూ కారు వైపు పరిగెత్తాడు. ఆపరేటరు ఎటు తొయ్యాలో తెలియక ఎడమ లీవరును ముందుకూ పక్కకూ కొట్టాడు. యంత్రం మొత్తం గిర్రున తిరిగింది. బకెట్టు వాలుతూ వచ్చి నున్నటి అంచుతో బావమరిదిని మోకాళ్ళ కింద పట్టుకుంది.

రెండు కాళ్ళూ. ఆ చప్పుడు గురించి నేను ఎక్కడా గొప్పలు చెప్పను.

ఆపరేటరు దూకి పారిపోయాడు. ఇప్పటికీ ఏదో ఒక రోడ్డు మీద పరిగెత్తుతూనే ఉండి ఉంటాడు. అత్త కంకర మీద పడి ఉండి నవ్వింది. నవ్వకుండా ఉంటే బాగుండేది. బొటనవేలు కరిపించుకున్నవాడు ఇనుప కడ్డీ తీసుకుని ఆమె తల మీదికి ఎత్తాడు. పరిగెత్తే దారి లేదు. అత్త ఎడమచెయ్యి అడ్డం పెట్టింది.

అది విరగడం నేను చూశాను. మధ్యకు, ఎక్కడ విరగాలో అక్కడే. చేతికి లేని కీలు కొత్తగా వచ్చినట్టు ముంజెయ్యి వేలాడింది. వాడు మళ్ళీ ఎత్తాడు.

"దాన్ని వదలండ్రా" అని బావమరిది నేల మీంచి అరిచాడు. ఏడుపూ అరుపూ కలిసిపోయి ఉంది అతని గొంతు. "గుంత సంగతి చూడండి. పారలతో కొట్టెయ్యండి. ఏదీ మిగలకూడదు."

ఇద్దరూ పారలు తీసుకుని ఛాతీ లోతు గుంతలోకి దూకారు. మొదటి పార వేటు ఇసుకలో దిగింది. రెండోది గుడ్డను తాకింది.

"తొమ్మిదీ" అంది అత్త. గట్టిగా అనలేదు. నేను టిప్పరు కింద ఉన్నానని ఆమెకు మొదటి నుంచీ తెలుసు. "ఎంతసేపు పడుకుంటావురా. ఇసుక."

"మేడమ్ గంపలతో పొయ్యమంది అత్తా."

"మేడమ్‌కి నేను చెబుతాను. ముందు లే."

నేను లేచాను. ఇది కోత కాదు. నా కాళ్ళు లేవలేదు గానీ మిగతా నేను లేచాను. టిప్పరు ఎక్కి వెనక్కి పోనిచ్చి, గుంత అంచుకు చక్రాలు ఆనగానే తొట్టి ఎత్తేశాను. పది టన్నుల ఇసుక ఒక్కసారిగా జారింది. లోపల ఇద్దరూ తలెత్తి చూసినట్టున్నారు. దుమ్ము తగ్గాక చూస్తే ఇసుక లోంచి రెండు తలలు, మూడు చేతులు, ఒక పార కర్ర. ఒకడికి పక్కటెముకలు విరిగాయని తరవాత తెలిసింది. ఊపిరి మాత్రం తీస్తున్నారు.

అత్త పాక్కుంటూ వచ్చి గుంత అంచున కూర్చుంది. విరిగిన చెయ్యిని ఒళ్ళో పడుకోబెట్టుకుని కుడిచేత్తో బకెట్టు పిన్ను పట్టుకుంది.

"కదిలితే కొడతాను" అంది.

"ఎలా కదులుతామే తల్లీ" అన్నాడు కడ్డీతో కొట్టినవాడు.

అయినా ఒకటి కొట్టింది. భుజం మీద. పోలీసులు అడిగితే, వాడు కదిలాడని చెప్పింది.

సోమవారం పదింటికి పై ఆఫీసరు వచ్చేసరికి మేడమ్ మనుషులు గంపలతో ఇసుక తీశారు. అత్త ఆసుపత్రి నుంచి చెప్పకుండా లేచి వచ్చింది. చేతికి భుజం దాకా కట్టు, మొహం ఒక పక్క వంకాయ రంగు. గుడ్డ ఎత్తారు. పదకొండుమందీ ఉన్నారు. ఏడో మనిషి పుర్రె మాత్రం నా ఇసుక బరువుకు నలిగింది. దవడ మూడు ముక్కలైంది. అంతకుముందు ఆ మనిషికి దవడ బాగుండేది.

మేడమ్ నన్ను ఏమీ అనలేదు. టోపీ తీసి మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముక్కలను ఒక్కొక్కటే కాగితంలో చుట్టింది. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆ తిట్టే పని అత్త చేసింది.

"వెయ్యేళ్ళ తరవాత మళ్ళీ కొట్టించుకున్నాడురా పాపం. ఈసారి కొట్టింది నువ్వు" అని కట్టు ఉన్న చేత్తోనే నా వీపున ఒకటి వేసింది. ఆ దెబ్బకు ఇద్దరం అరిచాం.

ఆఫీసరు కొలిచాడు, మ్యాపు మీద ముద్ర వేశాడు. కాంట్రాక్టరు బావమరిదిని చూడటానికి ఆసుపత్రికి వెళ్ళే హడావిడిలో పార్కు మూలకు జరపడానికి సంతకం పెట్టేశాడు. బావమరిది అత్త మీద కేసు పెట్టాడు, లీవర్లు తిరకాసుగా పెట్టి తనను కావాలనే చంపబోయిందని. జడ్జి ముందు మెకానిక్కు వచ్చి ఆ గొట్టాలు పదహారేళ్ళ కిందట మార్చినవని చెప్పాడు. "పదహారేళ్ళ ముందే ఇతని కాళ్ళ మీద కన్నేసిందంటారా?" అని జడ్జి అడిగాడట. అది నేను కల్పించిందని అత్త అంటుంది. కేసు కొట్టేసిన మాట నిజం.

కట్టు విప్పే ముందు మేడమ్ అత్త ఎక్సురే అడిగి తీసుకుంది. నాలుగో మనిషి ముంజేతి ఫోటో పక్కన దాన్ని కిటికీకి ఆనించి పట్టుకుంది. ఒకే చోట, ఒకే వాలులో విరుపు.

"నేను పన్నెండోదాన్ని అన్నమాట" అంది అత్త.

"మీది అతుక్కుంటుందమ్మా."

అతుక్కుంది, కానీ మణికట్టు సగమే తిరుగుతుంది. ఎడమ లీవరు తోస్తే యంత్రం భుజం ఒక్కసారిగా పడుతుంది, వేలిమందం దగ్గర ఆగదు. ఆరు వారాలు ప్రయత్నించి చూసింది. ఒకరోజు యంత్రం దిగి, నున్నటి బకెట్టు విప్పి, పళ్ళ బకెట్టు తగిలించుకుంది. ఇప్పుడు పునాదులే తవ్వుతోంది. ఆ పళ్ళు లేని బకెట్టు మా వాకిట్లో బోర్లించి ఉంది. సాయంత్రం దాని మీద కూర్చుని టీ తాగుతుంది. ఇంకెవరైనా కూర్చుంటే ఊరుకోదు.

మూల మీద పార్కు వచ్చింది. గడ్డి, రెండు బెంచీలు, మోకాలి లోతుకు మించి తవ్వరాదని ఒక బోర్డు. బోర్డులు చదివే అలవాటు మనవాళ్ళకు ఎక్కడుంది. మొన్న వీధి దీపాలవాడొకడు వచ్చి, సరిగ్గా గుంత నడిమధ్యన స్తంభం పాతడానికి గునపం ఎత్తాడు. అత్త అటుగా వెళుతోంది.

"అక్కడొద్దు బాబూ."

"ఎందుకమ్మా, కింద ఎవరున్నారు?"

"మావాళ్ళు" అంది అత్త.

"మీవాళ్ళా? ఎంతమంది?"

"పదకొండుమంది. ఒక్కొక్కరి గురించి చెబుతాను, నిలబడతావా? ముందు ఆ గునపం ఇలా ఇవ్వు."

వాడు ఇవ్వలేదు. ఎత్తినదాన్ని దించబోయాడు.

ఇప్పుడా దీపం పార్కు బయట, పేవ్‌మెంటు మీద, సిమెంటు దిమ్మెలో నిలబడి ఉంది. నేలలోకి అంగుళం కూడా దిగలేదు. దీపాలవాడు రెండు వారాలు సెలవు పెట్టాడు.